మిగతా లోవరాజు

సూరాయమ్మ మనవడు లోవరాజు ప్రభుత్వ లెక్కల్లో మూడు క్వింటాళ్ళ పైచిలుకు తూగడానికి కారకులెవరో ఇప్పటికీ తేలలేదు. ఫోనుదే తప్పని కొందరంటారు, ఫోను పట్టుకొచ్చిన వాళ్ళదే తప్పని కొందరంటారు. ప్రాజెక్టు ఆఫీసు వాళ్ళు మాత్రం అందరూ ఏకమై సూరాయమ్మ కాటుక భరిణె వైపు వేలు చూపిస్తారు. ఆవిణ్ణి కదిపితే, "కాటిక నాదేనండి, కాదన్లేదు. తెలివి మాత్రం ఆళ్ళదే" అంటుంది. వినేవాళ్ళు ఎటు మొగ్గినా ఫరవాలేదు గానీ, సంగతంతా విన్నాకే మొగ్గాలి.

చిలకలంక గోదావరి రెండు పాయల మధ్య మేటవేసిన ఊరు. టౌనుకి పోవాలంటే పంటు ఎక్కాలి. మనుషులు, మోటారు సైకిళ్ళు, గేదెలు, పెళ్ళివారు, అందరూ ఆ ఒక్క పంటు మీదే ఏరు దాటాలి. ఆ ఊళ్ళో లోవరాజు ఎనిమిదో నెలలోనే తొందరపడి పుట్టేశాడు. చూడ్డానికొచ్చిన వాళ్ళు "పిల్లాడేడీ?" అని పొత్తిగుడ్డలు తొలగించి వెతుక్కున్నారు. బతుకుతాడా అని ఎవరో ఒకావిడ గుసగుసలాడితే సూరాయమ్మ ఆవిణ్ణి వీధి చివరిదాకా తరిమింది.

వాడు బతికాడు. కానీ ఏడాది దాటి రెండో ఏడు నడుస్తున్నా ఒళ్ళు చెయ్యలేదు. నర్సమ్మ తెగేసి చెప్పింది. "మామ్మగారూ, వానలు పడి జ్వరాలు మొదలయ్యేలోగా వీడికి కాస్త ఒంట్లో పట్టు రావాలి. రోజూ గుడ్డూ, గ్లాసుడు పాలూ మానకండి. మళ్ళీ నన్ననకండి" అంది. సూరాయమ్మ కొడుకు నాగేశు కొబ్బరి దింపు మనిషి. చెట్టు మీంచి జారి కాలు విరగ్గొట్టుకుని మంచమెక్కాడు. పెరట్లో కోళ్ళు తెగులొచ్చి తుడిచిపెట్టుకు పోయాయి. కోడలు అనంతలక్ష్మి రొయ్యల షెడ్డులో పని చేసి తెచ్చేది బియ్యానికీ, మొగుడి కాలికీ చాలితే గొప్ప. కాబట్టి లోవరాజుకి గుడ్డంటే అంగన్‌వాడీ గుడ్డే. అది రోజూ వాడి నోట్లో పడాలి. సూరాయమ్మకి దేవుళ్ళ దగ్గర వేరే కోరికల్లేవు.

సరిగ్గా ఆ గుడ్డు మీదే ప్రభుత్వం కన్ను పడింది.

అంతకు ముందేడు, లోవరాజు పది నెలల వాడుగా ఉన్నప్పుడు, శిశు ఎదుగుదల ప్రాజెక్టు అధికారి పరాంకుశరావు గారు ఓ ఫోను పట్టుకుని పంటు దిగారు. ఊళ్ళో పసిపిల్లల తల్లులందర్నీ అంగన్‌వాడీ ముందు కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చారు.

"సోదరీమణులారా! ఇది ముఖమిత్ర. నేటినుంచి ప్రతి బిడ్డ వదనారవిందమూ ఇందులో శాశ్వతంగా నిక్షిప్తమవుతుంది. ఇకపై ఒక బిడ్డ గుడ్డు మరొక బిడ్డ తినజాలదు. దొంగ లబ్ధిదారుల ఆటలు సాగనేరవు."

ఒకరి గుడ్డు ఒకరు తినడానికి చిలకలంకలో అంతంత దొంగ పసిపిల్లలు ఎవరున్నారో ఎవరికీ అంతుపట్టలేదు. అయినా అధికారి చెబుతున్నాడు కదా అని తలలూపారు. అంగన్‌వాడీ టీచరు కుసుమ, "అందరూ పిల్లల మొహాలు కడగండి, దిష్టిచుక్కలూ అవీ తుడిచెయ్యండి, ఫోటోలో మొహం కనపడాలంట" అని కేకేసింది. తల్లులు తడిగుడ్డలతో తుడిచేశారు. సూరాయమ్మ మాత్రం బొడ్లోంచి కాటుక భరిణె తీసి, మనవడి ఎడం బుగ్గ మీద ఉన్న చుక్కని ఇంకాస్త పెద్దది చేసింది. పావలా బిళ్ళంత అయ్యింది.

"మామ్మా, అది నిబంధనలకు విరుద్ధం" అన్నారు పరాంకుశరావు గారు.

"మీ నిబంధనలకి దిష్టి తగలదండి. నా మనవడికి తగులుద్ది" అంది సూరాయమ్మ. "ఫోటో తీత్తేనే ఆయుక్షీణం అంటారు. అందులోనూ గవుర్నమెంటు ఫోటో. ఎంతమంది సూత్తారో ఏంటో. తీత్తే ఇలాగే తియ్యండి, లేపోతే లేదు."

పంటు వెళ్ళిపోయే వేళయింది. పరాంకుశరావు గారు నిట్టూర్చి, చుక్కతో సహా లోవరాజుని నొక్కేశారు. ఊళ్ళో ఇరవై ఎనిమిది మంది పిల్లలూ ముఖమిత్రలోకి ఎక్కారు. ఆ ఫోటోలు ఏదో పెద్ద నగరానికి వెళ్ళాయి. అక్కడ ఇంజనీర్లు వాటిని ఏడాదిపాటు శ్రద్ధగా అధ్యయనం చేశారు. పెద్ద పని కదా, ఏడాది పట్టకేం చేస్తుంది? ఆ ఏడాదిలో పిల్లలు ఏం చేస్తుంటారన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఏడాది తిరిగాక గుడ్ల పెట్టె వచ్చింది. ఉక్కు పెట్టె, ఎలక్ట్రానిక్ తాళం. ఫోనుకి బిడ్డ మొహం చూపిస్తే, ఫోను గుర్తుపట్టి పచ్చగా వెలిగితే, పెట్టె తెరుచుకుని ఒక గుడ్డు, ఒక పాల ప్యాకెట్టు బయటికి తోస్తుంది. పెట్టె మీద 'గుర్తింపు లేనిదే గుడ్డు లేదు' అని అందమైన అక్షరాలతో రాశారు.

మొదటిరోజు కుసుమ ఒక్కొక్క పిల్లాణ్ణీ ఫోను ముందు నిలబెట్టింది. ఫోను ఎర్రగా వెలిగి, ఎంతో మర్యాదగా, "క్షమించండి. ఈ బిడ్డ ఈ బిడ్డ కాదు" అంది. రెండో పిల్ల. "క్షమించండి. ఈ బిడ్డ ఈ బిడ్డ కాదు." ఏడాది కిందట బోసినోటితో ఫోటో దిగిన పిల్లకి ఇప్పుడు నోటినిండా పళ్ళు. బుగ్గలున్న వాడికి బుగ్గలు తగ్గాయి, లేనివాడికి వచ్చాయి. లోవరాజుకైతే మొన్ననే లోవలో తలుపులమ్మ దగ్గర పుట్టువెంట్రుకలు తీయించారు. గుండు నున్నగా మెరుస్తోంది. పైగా అమ్మవారికి మొక్కు తీరింది కదా, ఇంక ఆవిడే చూసుకుంటుందని సూరాయమ్మ దిష్టిచుక్క కూడా మానేసింది. ఫోను వాణ్ణి చూసి క్షమించండి అనడానికి కూడా కాసేపు ఆలోచించింది.

"అయ్ బాబోయ్, ఈడు ఈడు కాపోతే ఎవడే?" అంది సూరాయమ్మ.

"నాకు తెల్దా మామ్మగారూ? ఈణ్ణి నేను కాదూ ఎత్తుకు తిప్పింది?" కుసుమ పెట్టెని ఓ గుద్దు గుద్దింది. "ఏం చెయ్యమంటారు చెప్పండి. పెట్టె తెరుచుకోదు. గునపంతో కూడా చూశాను."

అలా వారం గడిచింది. పెట్టెలో గుడ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి, పెట్టె బయట పిల్లలు గుడ్డు గుడ్డని ఏడుస్తున్నారు. లోవరాజు ఏడవడు. పెట్టె ముందు కూర్చుని దాన్ని చేత్తో మెల్లగా తడతాడు. అది సూరాయమ్మ చూడలేకపోయింది. మర్నాడే వాణ్ణి చంకనేసుకుని పంటెక్కి టౌనుకి పోయింది.

ప్రాజెక్టు ఆఫీసులో పరాంకుశరావు గారు ఆవిడ చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నారు.

"మామ్మా, సమస్య నాకు అర్థమైంది. సదరు బాలుడు గుర్తింపుపరమైన స్థిరత్వాన్ని పాటించలేదు."

"అంటే ఏంటండి?"

"ఎదిగాడు."

"ఎదగాలనే కదండీ మీరు గుడ్డెట్టేది?"

"నిస్సందేహంగా. ఎదుగుదల మా లక్ష్యం. కానీ గుర్తింపు మా షరతు. లక్ష్యం కోసం షరతును ఉల్లంఘిస్తే వ్యవస్థ ఏమైపోవాలి? ముందస్తు అనుమతి లేకుండా పళ్ళు రావడం, జుట్టు పోవడం, గడ్డం కింద మడత ఏర్పడటం, వీటన్నిటినీ ముఖమిత్ర తీవ్రంగా పరిగణిస్తుంది."

"మరి నన్నేం సెయ్యమంటారు?"

"బాలుణ్ణి నమోదైన స్థితిలో హాజరుపరచండి. పోయినేటి ముఖంతో తీసుకురండి, ఆ క్షణమే గుడ్డు విడుదలవుతుంది."

సూరాయమ్మ ఆయన మొహంకేసి, మనవడి మొహంకేసి మార్చి మార్చి చూసింది. వేళాకోళమేమో అనుకుంది. ఆయన మొహంలో నవ్వు జాడే లేదు. వెనక గోడమీదున్న ఫోటో చూపించారు. అందులో ఓ బక్కపల్చని పాప, కళ్ళు మాత్రం పెద్దవి.

"చూడండి. ఈ బాలిక పక్క మండలం. ఏడాదిగా అణువంత తేడా లేదు. అదే ముఖం, అదే బరువు, అదే చొక్కా. ముఖమిత్ర రోజూ మొదటి ప్రయత్నంలోనే గుర్తిస్తోంది. ఈమెను ఆదర్శ లబ్ధిదారుగా ప్రకటించాం. మీవాడు కూడా ఇలా సహకరించి ఉంటే ఈ ఇబ్బంది వచ్చేది కాదు."

సూరాయమ్మకి ఒళ్ళు మండిపోయింది. "మీ ఆదర్శం తగలడ! ఆ పిల్లకి మందేయించండయ్యా ముందు" అని లేచొచ్చేసింది. పంటు మీద దారిపొడుగునా తిట్టుకుంటూనే ఉంది. అంతలో ఆవిడకి ఓ సంగతి తట్టింది. ఆ ఆఫీసరు మనవణ్ణి అంతసేపు కన్నార్పకుండా చూశాడు! ఇంటికెళ్ళగానే ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో పడేసింది. చాలదనిపించి, అమ్మవారిని మనసులో క్షమించమని వేడుకుని, ఎడం బుగ్గమీద పావలా బిళ్ళంత చుక్క మళ్ళీ పెట్టింది.

మర్నాడు అనంతలక్ష్మి అలవాటు కొద్దీ పిల్లాణ్ణి అంగన్‌వాడీకి తీసుకెళ్ళింది. కుసుమ అలవాటు కొద్దీ ఫోను పెట్టింది. ఫోను పచ్చగా వెలిగి, "శుభోదయం లోవరాజు" అంది. పెట్టె కిర్రుమంటూ తెరుచుకుంది.

అనంతలక్ష్మి పిల్లాణ్ణీ గుడ్డునీ ఎత్తుకుని ఇంటికి పరిగెత్తుకొచ్చింది. "అత్తా! గుర్తుపట్టేసిందత్తా! సుక్కని గుర్తుపట్టింది!"

అదీ అసలు సంగతి. నగరంలో ఇంజనీర్లు ఏడాది కష్టపడి ముఖమిత్రకి నేర్పిందల్లా, ఎడం బుగ్గమీద నల్లటి చుక్క ఉంటే వాడు లోవరాజు అని. కళ్ళు, ముక్కు, చెవులు అందరికీ ఉండేవే కదా, వాటిని అది పట్టించుకోలేదు.

ఇలాంటి విషయం ఊళ్ళో దాగుతుందా? సాయంత్రానికి తల్లులందరూ సూరాయమ్మ గుమ్మం ముందు వరసకట్టారు. ఆవిడ అందరి పిల్లలకీ తన చేత్తో చుక్కలు పెట్టింది. మర్నాడు ఫోను ప్రతి బిడ్డనీ చూసి పచ్చగా వెలిగింది. "శుభోదయం లోవరాజు. శుభోదయం లోవరాజు." పొడుగు జడ వేసుకున్న ఆడపిల్లని చూసి కూడా "శుభోదయం లోవరాజు" అంది.

"టీచరమ్మా, మా పిల్ల పేరు రత్నకుమారి కదండీ" అని ఒకావిడ నసిగింది.

"ఆ ఫోను నన్ను లోవరాజన్నా పలుకుతానమ్మా, గుడ్డు పుచ్చుకుని పొండి" అంది కుసుమ. వారం తర్వాత పిల్లల నోళ్ళలో గుడ్లు పడుతుంటే ఆవిడకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

ఇక్కడితో అయిపోతే బాగానే ఉండేది. కానీ గుడ్డిచ్చేటప్పుడు బిడ్డని తూకం కూడా వెయ్యాలి. ఆ తూకం తిన్నగా ఫోనులోకి పోతుంది. పసిపిల్లలు తూకం మీద నిలకడగా ఉండరు, మధ్యలో దిగిపోతారని ఎవరో పెద్దాయన ముందుచూపుతో ముఖమిత్రకి ఒక సూత్రం నేర్పాడు. ఒకే బిడ్డ ఒకే రోజు పలుమార్లు తూకమెక్కితే ఆ తూకాలన్నీ కలుపుకో అని. లోవరాజు రోజుకి ఇరవై ఎనిమిదిసార్లు ఎక్కుతున్నాడు. ముఖమిత్ర శ్రద్ధగా కలుపుకుంది. మూడు క్వింటాళ్ళ ఎనిమిది కిలోలు తేలింది.

ప్రాజెక్టు ఆఫీసులో ఎదుగుదల గీత కాగితం దాటి పైకి పోయింది. గుమాస్తా దాన్ని గోడమీద పెన్సిలుతో పొడిగించాడు. పరాంకుశరావు గారు ముందు పొంగిపోయారు. జిల్లా పసిపిల్లల సగటు బరువు ఒక్క దెబ్బతో ఎగిరిపోయింది. పోషకాహార లోపం నిర్మూలించినందుకు ఆయనకి శాలువా కప్పారు. ఆ సభలో ఆయన, "ముఖమిత్ర దోషరహితం. దాని ప్రతి అంకెకూ నేను వ్యక్తిగతంగా పూచీ" అని మైకులో చెప్పారు.

శాలువా మడత నలగకముందే రాజధాని నుంచి ఫోనొచ్చింది. రెండేళ్ళ బాలుడు మూడు క్వింటాళ్ళుండటం ఆందోళనకరమనీ, స్థూలకాయాన్ని మొగ్గలోనే తుంచాలనీ, వెంటనే గుడ్లు ఆపాలనీ ఆదేశం. గంటలో పెట్టెకి కబురందింది. మర్నాడు ఫోను చుక్కని చూసి, "శుభోదయం లోవరాజు. మీరు కాస్త తగ్గాలి" అని ఎర్రగా వెలిగింది. పెట్టె తెరుచుకోలేదు. అదే ఊపులో, కొన్నాళ్ళుగా ఫోనుకి మొహం చూపించని పిల్లలందర్నీ లేనివాళ్ళ కింద జమకట్టి జాబితాలోంచి కొట్టేశారు. చిలకలంకలో ఇక మిగిలిన పసిబిడ్డ ఒక్కడే, వాడు లావాటి వాడు.

ఆకాశం మూసుకొచ్చింది. నాలుగు చినుకులు పడ్డాయి. లోవరాజు ఒళ్ళు కాస్త వెచ్చబడితే సూరాయమ్మ రాత్రంతా వాణ్ణి గుండెకి అదుముకుని కూర్చుంది. ఆవిడకి మొదటిసారి భయమేసింది. తిట్టడానికి కూడా ఓపిక లేనంత భయం.

మూడోరోజు పరాంకుశరావు గారు స్థూలకాయ నివారణ దళంతో దిగారు. బాలుణ్ణి టౌను ఆసుపత్రికి తరలించాలని పైనుంచి ఉత్తర్వు. మూడు క్వింటాళ్ళ బాలుణ్ణి తరలించడమంటే మాటలా? రైసుమిల్లు నుంచి ఆరుగురు హమాలీలు, వెదురు బొంగులు, మోకులు, ఆవునెత్తే పట్టాలు తెచ్చారు. పంటు నడిపే సరంగు ముందే అడ్డం తిరిగాడు. "పిల్లాడు మధ్యన కూకుంటే సరేనండి. ఓ పక్కకి ఒరిగితే మాత్రం పంటు బోర్లాపడుద్ది, నాకు సంబంధం లేదు" అని చెప్పేశాడు. దారిలో జనాన్ని తప్పించడానికి ఒకడు ముందు ఈల ఊదుకుంటూ నడిచాడు.

సూరాయమ్మ అరుగుమీద కూర్చుని మనవడికి గంజి పడుతోంది. పరాంకుశరావు గారు వచ్చి గుమ్మం వెడల్పు కొలిపించారు.

"మామ్మా, లోవరాజు ఎక్కడ?"

"ఇదిగోండి, ఒళ్ళోనే ఉన్నాడు."

ఆయన వంగి చూశారు. ఫోను పెట్టారు. "శుభోదయం లోవరాజు" అంది ఫోను. ఆయన తలపంకించారు.

"సరే. ఇది కొంత. మిగతా బాలుడు ఎక్కడ?"

"మిగతా ఏంటండీ?"

"రికార్డు ప్రకారం మూడు క్వింటాళ్ళ ఎనిమిది కిలోలుండాలి. ఇక్కడ నాకు గట్టిగా తొమ్మిది కిలోలు కూడా కనబడటం లేదు. మిగతా బాలుణ్ణి ఎక్కడ దాచారు?"

దళం ఇంట్లోకి దూరింది. బియ్యం డ్రమ్ములో చూశారు. అటకెక్కి చూశారు. మంచం కింద వంగి చూసి, మంచం మీద నిండా దుప్పటి కప్పుకుని పడుకున్న ఆకారాన్ని చూసి, "సార్! దొరికాడు!" అని కేకేశారు. హమాలీలు మోకులు విప్పారు.

"బాబూ, నేను ఆడి నాన్ననండి" అన్నాడు నాగేశు దుప్పట్లోంచి. "కాలు ముట్టుకోకండి, మీకు దణ్ణమెడతాను."

పరాంకుశరావు గారు ఆలోచించారు. "తండ్రిని కలిపినా లెక్క సరిపోదు" అన్నారు.

సూరాయమ్మ అప్పటిదాకా ఆపుకున్న కోపం ఒక్కసారి బయటికొచ్చింది. "ఓరి నాయనోయ్! పిల్లాడు ముక్కలుగా దాసుకునే సరుకంటయ్యా? గుడ్డెట్టమని కాళ్ళకీ సేతులకీ అడ్డంపడితే ఎదిగాడన్నావు. ఇప్పుడు లావయ్యాడంటన్నావు. ఈడి ఒళ్ళు సూడు. ఈడి సేతులు సూడు. అంకెలు కాదయ్యా, పిల్లాణ్ణి సూడు! నీ దగ్గర తూకముందిగా, తుయ్యి. నీ సేత్తో తుయ్యి. అందరూ సూత్తా ఉండగా తుయ్యి!"

వీధిలో జనం పోగయ్యారు. అందరూ తుయ్యండి తుయ్యండి అన్నారు. పరాంకుశరావు గారికి కూడా అదే సబబనిపించింది. లోవరాజుని తూకమెక్కించారు. వాడు ఎందుకో ఆయన్ని చూసి నవ్వాడు. తొమ్మిది కిలోలు. ఆయన బొటనవేలు వేసి ధ్రువీకరించారు. ఫోను ఆ అంకెని మింగింది. వెంటనే ఊరంతా వినబడేలా సైరను మోగించింది.

"అత్యవసరం! అత్యవసరం! లబ్ధిదారుడు లోవరాజు రెండువందల తొంభై తొమ్మిది కిలోలు కోల్పోయాడు. దేశంలో అతి తీవ్ర పోషకాహార లోపం. సమాచారం రాజధానికి పంపబడింది. బాధ్యుడైన అధికారి, వేలిముద్ర ప్రకారం, పరాంకుశరావు."

పరాంకుశరావు గారు అరుగుమీద కూలబడ్డారు. "నా చేతుల్లో... నా చేతుల్లోనే మూడు క్వింటాళ్ళు పోయాడు" అని గొణిగారు. హమాలీలు తుండుగుడ్డలతో ఆయనకి విసిరారు. సూరాయమ్మ తిట్టినా గుండె మంచిది, మజ్జిగిచ్చింది.

"ఆ ఫోను తప్పు సెప్పిందని రాసెయ్యండి బాబూ, పోయేదేముంది" అంది.

"అలా ఎలా రాస్తాను మామ్మా?" ఆయన మజ్జిగ ఓ గుక్క తాగారు. "దోషరహితమని నేనే మైకులో చెప్పాను. శాలువా కప్పించుకున్నాను. ఇప్పుడు ఫోను తప్పంటే నేను తప్పు. ఫోను ఒప్పంటే బాలుణ్ణి నేను కరిగించేశాను."

ఇంతలో ఆయన జేబులో ఇంకో ఫోను మోగింది. రాజధాని నుంచి. ఆయన లేచి నిలబడి, మజ్జిగ గ్లాసుతోనే సెల్యూట్ కొట్టి, "చిత్తం... చిత్తం... యుద్ధప్రాతిపదికన చిత్తం" అన్నారు. అత్యవసర పోషణ నియమావళి ఒకటుందట. తగ్గిన ప్రతి కిలోకి రోజుకొక గుడ్డు, దానికి తగ్గ పాలు, పెట్టెతో పనిలేకుండా నేరుగా ఇంటికి. బాలుడు పూర్వపు బరువుకి చేరేదాకా ఒక్కరోజు కూడా ఆపడానికి వీల్లేదు. పైగా తూకం ఆయన సమక్షంలో తప్ప ఎవరూ వెయ్యకూడదు.

మర్నాటినుంచి చిలకలంకకి పంటు నిండా గుడ్లు దిగాయి. ట్రేల మీద ట్రేలు, క్యాన్లతో పాలు. అన్నీ లోవరాజు పేరు మీదే. సూరాయమ్మ వాటిని అంగన్‌వాడీకి మోయించింది. కుసుమ పెద్ద డేగిసా పొయ్యిమీద పెట్టి ఊరి పిల్లలందరికీ ఉడకబెట్టింది. రత్నకుమారి తిన్నది, పళ్ళొచ్చిన వాడు తిన్నాడు, బుగ్గలు తగ్గిన వాడు తిన్నాడు. కడుపుతో ఉన్నవాళ్ళు తిన్నారు. నాగేశు మంచం మీంచే తిన్నాడు. సరంగు దారిలోనే తిన్నాడు. "లోవరాజు ఇవాళ తిన్నాడా?" అని రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి అడిగేవారు. "శుభ్రంగా తిన్నాడండి" అనేది కుసుమ. అందులో అబద్ధమేమీ లేదు.

వానలు పడ్డాయి. ఏరు ఎర్రబడింది. జ్వరాలు వచ్చిపోయాయి. లోవరాజుకీ వచ్చింది, మూడు రోజులుండి పోయింది. నాలుగోరోజు పొద్దున్నే వాడు లేచి సూరాయమ్మ జుట్టు పట్టుకుని గుడ్డు కావాలని గోల చేశాడు. ఆవిడ వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వాడి తొడ మీద మొదటిసారి పడ్డ మడతని వేలితో పదే పదే తడిమింది. అనంతలక్ష్మి చూసి నవ్వితే, "పోవే, దిష్టెట్టకు" అని కసిరింది గానీ, ఆవిడ కళ్ళు నిండే ఉన్నాయి.

శరదృతువు వచ్చాక పరాంకుశరావు గారు తనిఖీకి వచ్చారు. లోవరాజుని తూకమేస్తే పదకొండున్నర కిలోలు వచ్చాడు. ఆయన మొహం మాడిపోయింది.

"ఇన్ని వేల గుడ్లు తిని రెండున్నర కిలోలేనా! లక్ష్యం మూడు క్వింటాళ్ళని మీకు గుర్తుందా మామ్మా? ఇదే వేగంతో పోతే బాలుడు పూర్వస్థితికి చేరేది ఎప్పుడు?"

"పసోడు కదండీ, తొందరెట్టకండి" అంది సూరాయమ్మ. "మీరు అట్టుకొత్తా ఉండండి. ఆడు తింటా ఉంటాడు."

ఆయన దిగులుగా గుడ్ల మోతాదు ఇంకాస్త పెంచమని రాసుకున్నారు. అప్పుడు తలెత్తి అంగన్‌వాడీ వాకిట్లోకి చూశారు. పిల్లలు బురదలో కేరింతలు కొడుతూ ఒకణ్ణొకడు తరుముకుంటున్నారు. గట్టి గట్టి పిక్కలు, గుండ్రటి బుగ్గలు, అరిస్తే ఏటి అవతలికి వినపడే గొంతులు. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని చూశారు. ఫోను తీసి వెతికారు. ఒక్కరి పేరూ లేదు.

"ఆశ్చర్యం! ఈ పిల్లలు మా రికార్డులో లేనే లేరు. ఏ పథకం కిందా లేరు. అయినా ఎంత పుష్టిగా ఎదిగారో!" పరాంకుశరావు గారు నిజంగానే ముచ్చటపడి, గొంతు తగ్గించి అడిగారు. "వీళ్ళని ఎలా పెంచుతున్నారు మామ్మా?"

సూరాయమ్మ తొందరపడలేదు. కోడి గుడ్డొకటి పెంకు వలిచి, చిదిపి, మనవడి నోట్లో పెట్టింది.

"ఏం లేదండి బాబూ. ఈళ్ళు మీ ఫోన్లో లేరు కదా, అందుకని ఎదుగుతన్నారు."